కుక్కకి గుండు కొట్టిన డాక్టరు

కుక్కలకి స్నానం చేయించడం కూడా ఒక ఉద్యోగమేనా అని నన్ను అడిగినవాళ్లలో సగం మంది, తమ కుక్కల్ని పుండ్లతో నా దగ్గరకి తెచ్చినవాళ్లే. ఇరవై రెండేళ్లు ఈ పని చేశాను. ఇప్పుడు దక్షిణాఫ్రికాలో, పోర్ట్ షెప్‌స్టోన్ అనే ఊళ్లో ఒక చిన్న ఇంట్లో ఉంటున్నాను. నడుము వంగదు. కుడిచేతి బొటనవేలు కత్తెర పట్టుకున్నట్టే బిగుసుకుపోయింది. మొన్న ఈ పని నేర్చుకుంటున్నామంటూ ఇద్దరు అమ్మాయిలు వచ్చి, మీ అనుభవాలు చెప్పండి సార్ అన్నారు. నోటితో చెబితే మర్యాదగా ఉండదని రాస్తున్నాను.

నేను చదివింది పశువైద్యం. బాపట్ల దగ్గర సర్కారు పశువుల ఆసుపత్రిలో పదకొండేళ్లు గేదెలకీ ఎడ్లకీ సూదులు వేశాను. ఇక్కడ నల్లవాళ్లకీ ఓటు వచ్చి, ఎన్నికలు జరిగి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడాది డర్బన్ వచ్చాను. ఇక్కడి పరీక్ష గట్టెక్కేదాకా నా డిగ్రీతో పిల్లికి మాత్ర కూడా వెయ్యకూడదని వచ్చాకే తెలిసింది. రెండుసార్లు తప్పాను, మూడోసారి రాయలేదు. ఈలోగా డర్బన్ ఉత్తరాన ఒక కుక్కల సెలూన్‌లో చేరాను. ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం జంతువుల ఆసుపత్రి అని రాసేవాణ్ణి.

ముందు మీ కుక్కని ముట్టుకోండి

మీరు దువ్వేది పైపైన. దువ్వెన బొచ్చు మీద జారిపోతుంటే మీకు ముచ్చటగా ఉంటుంది. అడుగున చర్మానికి అంటుకుని బొచ్చు జడలు కట్టి ఉంటుంది. ఆ జడలు చూడకుండా మీరు ఇంట్లో నీళ్లు పోస్తారు. తడిసిన జడ ఆరేకొద్దీ బిగుసుకుని చర్మాన్ని లాగుతుంది. కుక్క రాత్రీ పగలూ గోక్కుంటుంది. అప్పుడు దానికి అల్లరి ఎక్కువైందని కసిరి, నా దగ్గరకి తెచ్చి, స్నానం చేయిస్తే చాలు అంటారు. అంతేసి జడలు కట్టాక వాటిని ఒక్కొక్కటీ విప్పడం కుక్కకి చిత్రహింస. అక్కడి మటుకు గీసెయ్యాల్సిందే. గీస్తే అందం పోయిందని నా మీద పడతారు. ఒళ్లు మండుతుంది నాకు.

ఒకసారి ఒక బ్యాంకు ఆఫీసరుగారు స్పానియల్ కుక్కని తెచ్చారు. చెవులు వేలాడే రకం. నిన్ననే దువ్వామన్నారు. నేను చెవులెత్తి లోపల లైటు వేసి చూశాను. చీమూ లేదు, వాసనా లేదు, బాగుంది అన్నాను. వెనక గదిలో దాన్ని కడగడానికి తీసుకున్న మాసిబియా, చెవి మొదట్లో వేళ్లు పెట్టి ఆగిపోయింది. "డాక్టర్, ఇటు రండి" అంది. బొచ్చు లోపల, చెవి చుట్టూ, చిన్నపిల్లలు జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండు. ఎవరో పిల్ల ముద్దుకి పెట్టింది, ఆ తరవాత ఎవరూ అటు చూడలేదు. బ్యాండు చర్మం కోసుకుంటూ మాంసంలోకి దిగిపోయింది. కళ్లతో చూసిన నాకు అది కనపడలేదు, వేళ్లతో చూసిన ఆమెకి దొరికింది.

ఆఫీసరుగారికి చూపిస్తే ఆయన అన్న మొదటి మాట, "వెనకాల ఉన్న మీ మనిషే పెట్టి ఉంటుంది" అని. మాంసం దాకా దిగిన పుండు ఒక్క పూటలో పుట్టుకొస్తుందా? ఆ మాటకి నేను నవ్వి ఊరుకున్నాను. అప్పుడే నోరు తెరిచి ఉంటే, తరవాత తెరవాల్సిన చోట కొంచెం అలవాటై ఉండేదేమో.

అద్దం ముందు, గోడ వెనక

మాసిబియా ఎవరో చెప్పాలి. సిబియా వంశంలో పుట్టిన ఆడమనిషిని పెళ్లయ్యాక జూలూవాళ్లు మాసిబియా అని పిలుస్తారు. అది మర్యాద. మా యజమానురాలు మిసెస్ హార్లో మాత్రం ఆమెని డోరిస్ అనేది. ఎవరు పెట్టారో ఆ పేరు, ఆమెని అడిగితే "మేడమ్ పెట్టింది" అంది. తనకంటే పదేళ్లు పెద్దదాన్ని మిసెస్ హార్లో కస్టమర్ల ముందు "మా గర్ల్" అని చెప్పేది.

షాపు రెండు భాగాలు. ముందు వైపు పెద్ద గాజు అద్దం, అద్దం వెనక కత్తిరించే బల్ల. అవతల కుర్చీల్లో కూర్చుని కస్టమర్లు చూస్తుంటారు. వెనక గదిలో టబ్బులు, తడి తువ్వాళ్లు, కిటికీ లేని వేడి. మాసిబియా ఆ గదిలో పన్నెండేళ్లుగా ఉంది. కడగడం, ఆరబెట్టడం, జడలు విప్పడం, గోళ్లు తియ్యడం అన్నీ ఆమే. బొచ్చు గీసే క్లిప్పర్ మెషిన్ మాత్రం ముందు బల్ల దగ్గర ఉండేది, దాన్ని పట్టుకునేది తెల్లవాళ్లే. నేను వచ్చాక, డిగ్రీ ఉంది గదా అని, మూడు వారాల్లో నా చేతికి ఇచ్చారు. మెషిన్ పట్టడం నాకు నేర్పింది ఎవరనుకున్నారు? మధ్యాహ్నం మిసెస్ హార్లో భోజనానికి వెళ్లినప్పుడు మాసిబియాయే నేర్పింది. బ్లేడు వేడెక్కితే చర్మం కాలుతుంది, అయిదు నిమిషాలకోసారి నీ మణికట్టుకి ఆనించి చూసుకో అని చెప్పింది. బల్ల మీద మెడకి తాడు వేసిన కుక్కని వదిలి ఒక్క అడుగు కూడా పోవద్దు, దూకితే ఉరి పడుతుంది అని చెప్పింది. ఫోను మోగినా సరే, పోవద్దంది.

కుక్కలతో ఆమె మాట్లాడే మాట ఒక్కటే, "కహ్లే, కహ్లే." మెల్లగా, నెమ్మదిగా అని. కొందరు యజమానులు కుక్కని అప్పగిస్తూ, మావాడికి నల్లవాళ్లంటే పడదు, జాగ్రత్త అనేవారు. ఎన్నికలకి ముందు ఈ మాట గట్టిగా అనేవారట. నేను వచ్చేనాటికి గొంతు తగ్గించి అనడం నేర్చుకున్నారు. అలాంటి కుక్కలు కూడా ఆమె టబ్బులో కళ్లు మూసుకుని నిలబడేవి. శుభ్రంగా తయారై వచ్చిన కుక్కని చూసి యజమాని నాకు థాంక్స్ చెప్పేవాడు. నేను తీసుకునేవాణ్ణి.

నేను చేరిన ఏడాది చివర్లో మిసెస్ హార్లోకి ఏం బుద్ధి పుట్టిందో, కాలం మారింది కాబట్టి మనమూ మారాలంది. జనవరి నుంచి మాసిబియా ముందు బల్ల దగ్గర పనిచేస్తుందని, పేరు కుట్టిన ఏప్రన్ ఇస్తామని చెప్పింది. నేను చేరినప్పటి నుంచి మాసిబియా ఆ షాపులో ఏదీ అడగగా వినలేదు. ఆ రోజు అడిగింది. "డోరిస్ అని వద్దు మేడమ్. మాసిబియా అని కుట్టించండి." అక్షరాలు తప్పు పోతాయేమోనని కాగితం మీద రాసి ఇచ్చింది. ఆ కాగితాన్ని మిసెస్ హార్లో క్యాలెండరు పక్కన పిన్ను పెట్టి ఉంచింది.

గేదె తెలివి

డిసెంబర్ మొదట్లో, అంటే ఇక్కడ ఎండలు ముదిరే నెలలో, ఒక శనివారం దగ్గర్లోని అవోకా నుంచి రేచెల్ నాయుడు వచ్చింది. ఆమె ముత్తాతలు మన కోస్తా నుంచి చెరకు తోటల్లోకి వచ్చినవాళ్లు. రెండు తరాలుగా చర్చికి వెళుతున్నారు. ఆమెకి మిగిలిన తెలుగు వంటింటిదీ తిట్లదీ, మిగతా అంతా ఇంగ్లీషు. నేను ఇండియా నుంచి వచ్చిన తెలుగు డాక్టర్నని తెలిసి, తన కుక్కని ఇంకెవరికీ ఇచ్చేది కాదు. కుక్క పేరు ప్రిన్స్. స్పిట్జ్ జాతి కలిసిన పెద్ద తెల్ల కుక్క, ఒళ్లంతా ఒత్తుగా బొచ్చు, నాలుక బయట పెట్టి రొప్పుతోంది.

"హాట్ చూడు అన్నా, ఎట్లా రొప్పేది చూడు," అంది రేచెల్. "మా అవ్వ ఉండేటప్పుడు డిసెంబర్ వస్తే పిల్లకాయలకి అందరికీ గుండే. ఇప్పుడు మా పాస్టర్ గుండు వద్దు అనేది, అది గుడిది అని. కుక్కకి ఏమి, కుక్క చర్చికి రాదు కదా. గుండు చెయ్యి వీడికి."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె మాట నాకు ఇంటి మాటలా వినపడింది. మా ఊళ్లో ఎండలు ముదిరితే పిల్లలకి గుండ్లు కొట్టిస్తాం. గేదెలకి బొచ్చు గొరిగించి ఒళ్లంతా నూనె పట్టిస్తాం. నేను డాక్టర్నై ఉండి ఎందరు రైతులకి చెప్పానో, గొరిగించండి, చల్లగా ఉంటుంది, పేలు పోతాయి అని. అది సరైన సలహానే, గేదెకి. గేదెది నల్లటి మందపు తోలు, రోజంతా చెరువులో పడి ఉంటుంది. ప్రిన్స్‌ది పసిపిల్లలాంటి గులాబీ చర్మం. వాడికి చెరువు లేదు, సిమెంటు పెరడూ గొలుసూ ఉన్నాయి. ఈ తేడా చూడటానికి డిగ్రీ అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

రేచెల్ కూరగాయలు కొనుక్కొస్తానని వెళ్లింది. మాసిబియా ప్రిన్స్‌ని కడిగి, ఆరబెట్టి, నా బల్ల మీదకి తెచ్చి, నేను మెషిన్ అందుకోవడం చూసి అక్కడే నిలబడింది.

మా మాటలు జూలూ, ఇంగ్లీషు కలగలిపి జరిగేవి. తెలుగులో రాస్తున్నాను.

"ఇది కొయ్యకండి డాక్టర్," అంది. "వేలు అడుగుదాకా పెట్టి చూడండి. రెండు రకాల వెంట్రుకలు. కిందది దుప్పటి, పైది గొడుగు. కింద రాలిపోయేది నేను దువ్వి తీసేస్తాను, గాలి ఆడుతుంది. గొడుగు తీసేస్తే ఎండ లోపలికి పోతుంది."

"వాడికి వేడిగా ఉంది మాసిబియా."

"నాకూ వేడిగా ఉంది. నా చర్మం తీస్తారా?"

నేను నవ్వలేదు. నాకు చిన్నతనంగా అనిపించింది. "నేను డాక్టర్ని" అన్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా పెద్దలు ఊరికే అనలేదు. ఆమె ప్రిన్స్ మెడ కింద చెయ్యి వేసి, కహ్లే కహ్లే అంటూ పట్టుకుంది. నేను తల నుంచి తోక దాకా గీసి పారేశాను. తెల్లటి బొచ్చు బల్ల కింద గుట్ట పడింది. వాడు బక్కచిక్కి, సిగ్గుపడ్డట్టు నేలకి చూశాడు. రేచెల్ వచ్చి, "ఇప్పుడు కూల్ అయిపోయింది నా కొడుకు" అని బక్కీ, అదే తన చిన్న ట్రక్కు, వెనక ఎక్కించుకుని పోయింది.

సోమవారం

ఆదివారం రేచెల్ ఇంటిల్లిపాదీ పొద్దున్నే చర్చికి వెళ్లారు. ఏదో ప్రత్యేక ప్రార్థన, సాయంత్రం దాకా. ప్రిన్స్ ఎప్పటిలాగే పెరట్లో గొలుసుకి ఉన్నాడు, నీళ్లు పెట్టే వెళ్లారు. అంతకుముందు ప్రతి ఆదివారం వాడు అలాగే ఉండేవాడు, ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు వాడికి గొడుగు లేదు. వీపు కమిలి బొబ్బలెక్కింది, చీకటి పడ్డాక ఇంటికొచ్చినవాళ్లు అది చూసుకోలేదు. సోమవారం ఎండలో ఇంకో పూట ఉండేసరికి నిలబడలేకపోయాడు. మధ్యాహ్నం రేచెల్ బక్కీలో వేసుకుని నేరుగా మా షాపుకి వచ్చింది, డాక్టర్ ఇక్కడే ఉన్నాడు కదా అని.

మాసిబియా వాణ్ణి ఎత్తుకుని టబ్బులోకి తీసుకుపోయింది. ఐసు తెమ్మని మిసెస్ హార్లో అంటే వద్దంది. కుళాయి నీళ్లు పొట్ట మీదా తొడల మధ్యా పాదాల మీదా పోస్తూ, ఫ్యాను వాడి వైపు తిప్పింది. ఊపిరి కాస్త కుదురుకున్నాక, పక్క వీధిలో ఉన్న పశువుల డాక్టరు దగ్గరకి తనే మోసుకెళ్లింది. డాక్టర్నని చెప్పుకునే నేను తువ్వాలు పట్టుకుని వెనక నడిచాను.

వాడు బతుకుతాడని తేలాక షాపుకి తిరిగొచ్చాం. రేచెల్ ఏడ్చి ఏడ్చి ఉంది. మిసెస్ హార్లో ఒకసారి నన్ను చూసింది, ఒకసారి మాసిబియాని చూసింది. నేను ఈ దేశంలో ఉండటానికి కావలసిన కాగితం ఆమె రాసిచ్చిన ఉత్తరం మీద ఆధారపడి ఉందని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

"డాక్టర్ కొంచెం తగ్గించమనే చెప్పారు," అంది మిసెస్ హార్లో. "మా గర్ల్ అర్థం చేసుకోకుండా అంతా గీసేసింది. మెషిన్ ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానో."

నేను నోరు మెదపలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

రేచెల్ మాసిబియా వైపు చూసింది. ఆమె చేతుల మీద ఇంకా ప్రిన్స్ వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. "నాకు తెలుసు," అంది రేచెల్. "మన డాక్టర్ అట్లా చెయ్యడు. వెనకాల వాళ్లదే ఈ పని."

మాసిబియా నా వైపు ఒక్కసారి చూసింది, ఎంతసేపో నాకు తెలియదు. తరవాత తడి తువ్వాళ్లు ఏరుకుని వెనక గదిలోకి పోయింది. మర్నాడు క్యాలెండరు పక్కన కాగితం లేదు. జనవరిలో ముందు బల్ల దగ్గరకి మిసెస్ హార్లో చెల్లెలి కూతురు వచ్చింది, ఏప్రన్ మీద ఆ పిల్ల పేరుంది. ఈస్టరుకి ముందే మాసిబియా పని మానేసింది. వెళ్లేటప్పుడు మెషిన్‌కి నూనె వెయ్యమని నాకు చెప్పి వెళ్లింది.

మీరు అడగాల్సిన ప్రశ్న

ఇది చదివాక, కోపం ఎవరి మీద అని ఆ అమ్మాయిలు అడుగుతారు. మిసెస్ హార్లో మీద కోపం తేలిక, ఆమె తన షాపు కాపాడుకుంది. రేచెల్ మీద ఇంకొంచెం ఉంది. మనవాడు అనగానే మన కళ్లకి అడ్డం పడే తెర నాకు అసహ్యం. ఆ తెర చాటునే నేను నాలుగేళ్లు దర్జాగా బతికాను. కాబట్టి అసలు కోపం ఎవరి మీదో లెక్క కట్టుకోండి.

కుక్కలున్నవాళ్లకి చెబుతున్నాను. రెండు పొరల బొచ్చున్న కుక్కకి ఎండాకాలం గుండు కొట్టించకండి. డాక్టరు చెప్పినా, మీ అవ్వ చెప్పినా, నేను చెప్పినా సరే. వేడిగాలి పెట్టెలో పెట్టి ఆరబెట్టే చోట కుక్కని వదలకండి. కరుస్తుంది అనుకుంటే నిజం చెప్పండి, మీ పరువు కంటే కడిగే మనిషి వేళ్లు ముఖ్యం. అన్నిటికంటే ముందు, వెనక గదిలో మీ కుక్కని కడిగేది ఎవరు అని అడగండి. పేరు చెప్పలేకపోతే కుక్కని తీసుకుని ఇంటికి వచ్చెయ్యండి.

ఆ షాపులో నాలుగేళ్లు చేశాక, డర్బన్‌కి ఉత్తరాన టోంగాట్‌లో నా సొంత షాపు పెట్టుకునే రోజు వచ్చింది. ఈ దేశంలో ఉండే కాగితాలు, ఎవరి ఉత్తరమూ అక్కర్లేకుండా, నా పేరు మీదకి వచ్చాయి. అప్పుడు ధైర్యం వచ్చింది. చూడండి, ఎప్పుడు వచ్చిందో. మాసిబియాని వెతుక్కుంటూ ఆమె ఉండే ఇనాండా అనే నల్లవాళ్ల పేటకి వెళ్లాను. ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఆమె సొంతంగా కుక్కల పని చేస్తోంది. ముందు బల్ల మీకే, ఏప్రన్ మీద మీ పేరే, రండి అన్నాను.

ఆమె నేను చెప్పింది మొత్తం విని, "ప్రిన్స్ వాళ్లమ్మకి చెప్పారా?" అంది.

"లేదు."

"చెప్పి రండి. తరవాత మాట్లాడదాం."

అవోకా వెళ్లాను. ప్రిన్స్ అరుగు మీద పడుకుని ఉన్నాడు. వీపు మీద బొచ్చు మళ్లీ సరిగ్గా రాలేదు, అక్కడక్కడా పిలకలుగా మొలిచింది. ఎండ తగలకుండా ఎవరో పిల్లవాడి చొక్కా తొడిగారు. రేచెల్ టీ తెచ్చింది. గీసింది నేనే అని చెప్పాను.

ఆమె కప్పు కింద పెట్టింది. "నేను చూసింది అన్నా," అంది. "ఆ రోజు కూరగాయల షాప్ మూసి ఉండేది, నేను వెంటనే వచ్చేసింది. గ్లాస్‌లో నుంచి చూసింది. మెషిన్ నీ చేతిలో. ఆమె వీణ్ణి పట్టుకుని ఉండేది."

"మరి ఎందుకట్లా అన్నావమ్మా?"

"గుండు నేనే అడిగేది కదా. నీది తప్పు అంటే నాది కూడా తప్పు అయ్యేది." కప్పు పక్కకి జరిపి, "మనవాడు నువ్వు. ఆమె ఎవరు నాకు?" అంది. చెప్పాక తన మాట తనకే వినపడినట్టుంది, ప్రిన్స్ చొక్కా సవరిస్తూ తల ఎత్తలేదు.

మళ్లీ ఇనాండా వెళ్లాను. రేచెల్‌కి ముందే తెలుసని చెప్పాను. మాసిబియా ఆశ్చర్యపోలేదు. "అది నాకు తెలుసు," అంది. "ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా కళ్లలోకి చూడలేదు, చేతులకేసి చూసింది." టోంగాట్ రానంది. తనకి బల్ల ఉంది, తెలిసినవాళ్లున్నారు, ఇంక ఎవరి అద్దం వెనకా నిలబడే పని లేదంది.

నేను లేవబోయాను. షెడ్డు బయట జడలు కట్టిన బొచ్చుతో ఒక పెద్ద కుక్కని పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. మాసిబియా కుక్కని బల్ల ఎక్కించింది. గోడకి కొట్టిన మేకు నుంచి ఏప్రన్ తీసి కట్టుకుంది, దాని మీద ఏ పేరూ లేదు. క్లిప్పర్ చేతిలోకి తీసుకుంది.

"వచ్చారు కదా డాక్టర్, పట్టుకోండి," అంది.

కుక్క మెడ కింద చెయ్యి వేసి పట్టుకున్నాను. అది గింజుకుంది, నేను ఇంకా గట్టిగా బిగించాను. ఆమె మెషిన్ ఆపి నా చేతుల వైపు చూసింది.

"కహ్లే," అంది నాతో.

చెయ్యి వదులు చేశాను. ఆమె మెషిన్ మళ్లీ మొదలుపెట్టింది.